పన్నెండో అంజప్ప

బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న రంజని టీచర్ "అంజప్ప" అని పిలిచింది.

నలుగురు లేచి నిలబడ్డారు.

వేరే రోజయితే నవ్వేదే. పొద్దున ఆరింటికి వేలూరులో బస్సెక్కి గుడియాత్తం, అక్కడ ఇంకో బస్సు మారి ఈ నల్లగుట్టపల్లె. పాఠాలు చెప్పే పని చాలదన్నట్టు ఓటర్ల జాబితా సరిచూసే పని కూడా నెత్తిన పడింది. కాళ్ళు పీకుతున్నాయి.

ఊళ్ళో ఓటర్లు మూడు వందల చిల్లర. అందులో అంజప్పలు పన్నెండు మంది.

ఒక్క ముసలాయన్ని పక్కన పెడితే, మిగతా పదకొండు మందీ ఇరవై ఎనిమిదికీ ముప్పై ఏడుకీ మధ్యవాళ్ళు. వాళ్ళకంటే పెద్దవాళ్ళంతా కన్నప్పలు, ఉమాపతులు. చిన్నవాళ్ళంతా అజిత్‌లు, హరిలు. ఏటికి అవతలి ఊరి జాబితాలో వెతికినా ఒక్క అంజప్ప లేడు. తొమ్మిదేళ్ళపాటు ఈ ఊరికి వేరే పేరే దొరకలేదా అని విసుక్కుంది రంజని.

బడిలో వంట చేసే చిన్నమణిని అడిగింది.

"మొక్కుబడి టీచరమ్మా" అంది చిన్నమణి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

ఆంజనేయుడి మొక్కు కాబోలు అనుకుంది రంజని. ఊళ్ళో ఆంజనేయుడి గుడే లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. తట్టినా అడిగే ఓపిక లేదు.

పై అధికారి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఒకే పేరు అన్నిసార్లు ఉంటే అందులో నకలు ఉండకుండా ఉంటుందా, రేపు సాయంత్రంలోగా తేల్చమన్నాడు.

పదకొండు మందికీ ఇల్లుంది, తండ్రి పేరుంది, కార్డుంది. ముసలాయన సంగతే తేలలేదు. తండ్రి పేరు ఉండాల్సిన చోట గీత ఉంది. ఇంటి నంబరు వెతుక్కుంటూ రెండుసార్లు వెళ్తే, సగం కూలిన బెల్లం పాక కనిపించింది. అందులో చెరుకురసం కాచే పెద్ద కొప్పెర ఒకటి బోర్లించి ఉంది. మనిషి లేడు.

మర్నాడు అందరూ వెళ్ళిపోయాక ఆ మనిషే వచ్చాడు. డెబ్భై దాటినవాడు. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది.

"ఏ ఊరు మీది?"

"పుట్టింది నాట్రంపల్లి పక్కనమ్మా. రాళ్ళ పనికి వచ్చినాను. నలబై ఏండ్లాయ."

"మీ నాయన పేరు?"

"తెలీదు."

"కార్డు?"

"పాక కూలినపుడు పోయినాది."

రంజని గడియారం చూసుకుంది. నాలుగున్నర బస్సు తప్పితే మళ్ళీ ఆరింటికే. ఏదో ఒక కాగితం తెచ్చుకోమని చెప్పి సంచి సర్దుకుంది.

ఆయన కదల్లేదు.

"నా పేరు తీసేయొద్దు తల్లీ. పెండ్లాం లేదు, బిడ్డల్లేరు. ఈ ఊర్లో నాకుండేది ఆ పేరొగటే."

"చూస్తాను" అంది రంజని.

చూస్తానంటే ఏమిటో ఆయనకూ తెలుసు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

బస్సులో సీటు దొరికింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, పన్నెండో అంజప్ప మీద ఎర్ర గీత కొట్టి, పక్కన 'నకలు' అని రాసింది. హమ్మయ్య, ఒక పని తీరిందనుకుని కళ్ళు మూసుకుంది.

కొత్త జాబితాను బడి గోడకు అంటించిన పదిరోజులకు, గేటు దగ్గర ఒక తల్లీ కొడుకూ ఆమె కోసం కాచుకుని ఉన్నారు. తల్లి పేరు జయ. కొడుకు జాబితాలోని అంజప్పల్లో ఏడోవాడు. వేలూరులో మెకానిక్కు, సంగతి తెలిసి లీవు పెట్టి వచ్చాడు.

"తాత పేరు యాడ పోయింది టీచర్?" అన్నాడు.

జాబితాను ముసలాయన టీకొట్టు లోకనాథ్ చేత చదివించుకున్నాడట. అంజప్ప, ముప్పై ఒకటి. అది నేను కాదులే అన్నాడట. అంజప్ప, ముప్పై నాలుగు. అదీ కాదన్నాడట. అలా పదకొండుసార్లు అన్నాడట. చదవడం అయిపోయాక, ఈ ఊరు నన్ను వొదిలేసినాదిలే అని సంచి పట్టుకుని బస్సెక్కాడట. నాలుగు రోజులుగా నాట్రంపల్లి చుట్టుపక్కలంతా వెతుకుతున్నారు. ఆచూకీ లేదు.

రంజని ఆ పేరును మళ్ళీ చేర్చవచ్చని, దానికి ఫారం ఉందని, ఆయనే వచ్చి వేలిముద్ర వేయాలని చెప్పింది. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

"ఆయన మీకేమవుతాడు?" అంది చివరికి.

"ఏమీ కాడమ్మా" అంది జయ. "అపుడు బ్రిడ్జి లేదు. ఏరు వచ్చిందంటే గుడియాత్తం ఆసుపత్రికి దోవ లేదు. నొప్పులొచ్చిన ఆడోళ్ళని ఆ బెల్లం కొప్పెరలో కూర్చోబెట్టి, ఈదుకుంటా అవతలికి తోసినాడు. తొమ్మిదేండ్లు తోసినాడు. ఒగతూరి కొప్పెర బండకి తగిలి భుజం ఇరిగినాది, అయినా వదల్లా. కడాకు బ్రిడ్జి కట్టేదానికి రాళ్ళు మోసింది కూడా ఆయనే."

కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. జయ వాడి చెయ్యి పట్టుకుంది.

"ఏటి నడుమ వీడు నా కడుపులో ఉండాడు. నాకు ఏ దేవుడూ గుర్తుకు రాలేదమ్మా. మగబిడ్డ పుడితే ఆ తోసేవాడి పేరే పెడతానని మొక్కుకున్నాను. మేమంతా అట్లే మొక్కుకున్నాం."

రంజని సంచిలోంచి పాత జాబితా తీసి చూసింది: పదకొండు మందికి పేరిచ్చిన ఆ మనిషి పక్కన, ఎర్ర సిరాతో, ఆమె చేతిరాతే ఉంది, నకలు అని.