ఊదేది లేదు

"ఊదేది లేదు. రక్తం తీసుకోండి," అంది చాంద్‌బీ, ఆటోలోంచి దిగుతూనే.

ఆదివారం సాయంత్రం. మైపాడు బీచి నుంచి తిరిగొచ్చే బండ్లను ఆపి, మందు తాగి నడిపేవాళ్లను పట్టుకుంటున్నారు పోలీసులు. ఎస్సై మాల్యాద్రి చేతిలోని శ్వాస పరీక్ష యంత్రం, చాంద్‌బీ మొగుడు బడేసాహెబ్ నోటి ముందు ఆగిపోయింది.

"అమ్మా, మీ ఆయన ఆటో వంకరటింకరగా వచ్చింది. కళ్లు చూస్తే చింతనిప్పులు. మాట ముక్కలు ముక్కలుగా వస్తా ఉంది. నేనేమనుకోవాల?"

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మా ఇంటా వంటా లేదు నాయనా ఆ తాగుడు."

"అయితే ఊదమను. పైపు కొత్తది, నీ ముందరే విప్పినా."

బడేసాహెబ్ చెయ్యి చాపాడు. చాంద్‌బీ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. వెనక బండ్ల మీదున్న ఊరివాళ్లు ముసిముసిగా నవ్వారు. వాళ్లకు అర్థమైంది ఎస్సైకి అర్థం కాదా ఏంటి?

మాల్యాద్రి అప్పుడు చూశాడు ఆ ముఖంలోకి సరిగ్గా.

"ఓర్నీ! సన్నాయి బడేసాహెబన్నవు గదా! నేనన్నా, పోలేరయ్య కొడుకుని. గంగమ్మ జాతరలో నీ వెనకాలే సముద్రం దాకా నడిచేవాణ్ణి. అలల హోరు మీద కూడా నీ సన్నాయే పైన! మా అక్క పెళ్లిలో నువ్వు ఒక్క దమ్ములో లాగితే, మా నాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అట్నే కూర్చుండిపోయినాడు. ఎందుకు మానేసినావన్నా?"

"డీజేలు... వచ్చినాయి గదబ్బయా," అన్నాడు బడేసాహెబ్ నేలచూపులు చూస్తూ. ముఖం మాత్రం వెలిగింది.

ఎంత మంచి రోజులవి! ఆ సన్నాయి వినబడితే పొయ్యి మీద చేపల పులుసు మాడినా సరేనని ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చేవారు. ఎస్సై యంత్రాన్ని మళ్లీ ముందుకు చాపాడు.

"గంటలు గంటలు ఊదినోడివి, నీకిదెంతన్నా? ఒక్క ఊపు ఊదెయ్, పంపించేస్తా."

"ఊదడని చెప్పినా గదా! రక్తం తీసి చూడొచ్చని చట్టంలో ఉందంట. మా పాప సాహిరా లాయరు చదువు చదువుతా ఉండాది."

"ఉంది. ఊదనంటే అరెస్టు చెయ్యొచ్చని కూడా ఉంది. అది చెప్పలేదా మీ పాప? లైసెన్సు పొయ్యే దాకా వస్తాదమ్మా. ఆటో మీదే గదా మీ బతుకు?"

చాంద్‌బీ మొగుడి చెయ్యి వదిలేసింది.

"చేసుకో," అంది.

బడేసాహెబ్ జీపెక్కాడు. ఎవడో వీడియో తీశాడు. ఒకప్పుడు ఆ మెడలో పూలదండలు వేసిన ఊరే అది. అంతటి మనిషి తాగుబోతయ్యాడే అనుకున్నాడు మాల్యాద్రి. ఆస్పత్రిలో రక్తం తీయించాడు. మనిషిని పూచీ మీద ఇంటికి పంపి, ఆటోను స్టేషన్లో పెట్టించాడు.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. రక్తంలో మందు చుక్క లేదు.

బడేసాహెబ్ స్టేషన్ ముందు ఆటో తుడుచుకుంటుంటే, మాల్యాద్రి చాంద్‌బీని పక్కకు పిలిచాడు.

"తప్పయిపోయిందక్కా. కానీ ఊదేసుంటే అక్కడికక్కడే తేలిపొయ్యేది గదా? నలుగురిలో ఇంత పరువు ఎందుకు తీసుకున్నారు?"

చాంద్‌బీ ఒకసారి మొగుడి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆ రోడ్డు మీద ఉన్నోళ్లంతా ఆయన సన్నాయి విన్నోళ్లే నాయనా. ఆ పొద్దు దగ్గు తెర పట్టి కళ్లెర్రబడినాయి, ఆటో వంకర పోయింది. తాగినాడనుకుంటే అనుకోనీలే అనుకున్నా. ఇప్పుడాయన ఊదితే అగ్గిపుల్ల కూడా ఆరదు."