కిందికి దించే బరువు

“బస్తా దించు! దించమంటున్నానా!”

వస్తాదు అరుపుకి వ్యాయామశాలలో గదలు తిప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. మెట్ల పైన ఆయన కోడలు నిలబడి ఉంది. రెండు చేతులతో ఇసుక బస్తాని గుండెకు కావలించుకుంది. కుట్టుమిషను ముందు నుంచి నేరుగా లేచి వచ్చిందేమో, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

“దించను మామయ్యా. కిందికొచ్చాకే దించుతా.”

“ఎంత ఎత్తావు?”

“డెబ్బై రెండు కిలోలు.”

“ఓరి నాయనో! నిన్నటిదాకా అరవయ్యే కదమ్మా! నీ బరువే యాభై లేదు. నడుం విరిగితే? మావాడు చీకటి పడ్డాక డ్యూటీ దిగొచ్చేసరికి నిన్ను మంచంలో చూపించమంటావా? డెబ్బై చాలు, రెండు తీసెయ్.”

“డెబ్బై రెండే కావాలి. కుట్టేవాళ్ళకి కొలత కొలతే మామయ్యా.”

 వస్తాదు వ్యాయామశాలలో మెరిసే మిషన్లు ఒక్కటీ లేవు. రాతిగుండ్లు, గదలు, నీళ్ళ డబ్బాలు, ఇసుక బస్తాలు, అంతే. చేతిలో జారే బరువుని మోసినవాడే మొనగాడంటాడు. మూడు నెలల కిందట కోడలు తనంతట తానే వచ్చి నేర్పమంటే పొంగిపోయాడు. రెండు చేతులా డబ్బాలు పట్టుకుని నడవడం నేర్పాడు. వెల్లకిలా పడుకుని, ఒంటిచేత్తో గుండుని పైకెత్తి పట్టి, దాన్ని దించకుండానే లేచి నిలబడటం నేర్పాడు. అన్నీ చకచకా నేర్చుకుని చివరికి ఈ బస్తా దగ్గరే అతుక్కుపోయింది. అందులోనూ అంతా తిరకాసే. లోకంలో అందరూ బరువుని పైకి మోస్తారు. ఈవిడ ఇద్దరి చేత మేడ మీదికి చేరవేయించుకుని కిందికి దించుతుంది! పోనీ బస్తా అయినా గట్టిగా నింపనిస్తుందా అంటే అదీ లేదు. వదులుగా, ఎటు పడితే అటు వాలిపోయేలా ఉండాలట. వచ్చే ఆదివారం జరిగే బరువుల పోటీకి గుట్టుగా తయారవుతోందని ఆయన అనుమానం. లోలోపల మురిసిపోతూనే ఉన్నాడు కానీ, ఆ చిన్న నడుం చూస్తే ప్రాణం గిలగిల్లాడుతోంది.

“సరే, విను. మధ్యలో ఎక్కడ ఆనించినా ఇవాల్టితో బస్తా అటకెక్కుతుంది. మళ్ళీ ముట్టుకోనివ్వను.”

ఆమె ముఖం పాలిపోయింది. “అలా అనకండి మామయ్యా. ఇది నాకు కావాలి.”

“అయితే దిగు.”

పద్దెనిమిది మెట్లు. మధ్యలో ఒక మలుపు. వాళ్ళ కాపురం పై వాటాలో. బీరువా ఆ మలుపు తిరక్క, ఊడదీసి పైకి ఎక్కించుకోవాల్సి వచ్చింది. కోడలు ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగుతోంది. ఐదు. ఆరు. ఏడు. మలుపు దగ్గర ఇసుక ఒక్కసారిగా ఎడమ పక్కకి వాలింది. బస్తా సర్రున జారింది.

శిష్యుల్లో ఒకడైన బస్సు డ్రైవరు గద పడేసి ముందుకి ఉరికాడు. “పట్టుకోనా అక్కా?”

“ముట్టుకోకు!”

ఆమె మోకాలు అడ్డం పెట్టింది. పళ్ళు బిగించింది.  వస్తాదు తన కోపం సంగతే మరిచిపోయాడు.

“కిందికి చూడకు తల్లీ! లోపలికి లాక్కో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు! ఊపిరి వదలకు!”

అరిచిన ఊపుకి ఆయన కళ్ళే బైర్లు కమ్మాయి. గోడ పట్టుకున్నాడు.

“కూర్చోండి మామయ్యా,” అంది కోడలు పైనుంచి, ఆ బరువుతోనే.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను! ముందు నువ్వు దిగు!”

పోయిన వానల్లో ఆయన పైగదిలో తూలిపడితే, మెట్లు దించే మనుషులు దొరికేదాకా గంటసేపు ఆగి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ సంగతి ఎవరెత్తినా ఆయనకి ఒళ్ళు మంట. కింది గదికి మారమంటే ససేమిరా అంటాడు. ఇప్పుడు కోడలు కూడా ఇంకేమీ అనకుండా బస్తాని గుండె మీదికి ఎగదోసుకుంది. పది. పదమూడు. పదిహేను.  పద్దెనిమిదో మెట్టు దిగి, చప్పుడు కాకుండా, తల ఆనించి పడుకోబెట్టినట్టుగా బస్తాని చాప మీద పెట్టింది.

చప్పట్లు మోగాయి. వస్తాదు కళ్ళు చెమర్చాయి కానీ గద్దింపు తగ్గలేదు.

“ఆగండాగండి. తూచందే నేను నమ్మను.”

అక్కడున్నది మనిషి నిలబడేంత చిన్న కాటా. మెత్తని బస్తా దాని మీద నిలవదు. అందుకే బస్తాని ఎత్తుకుని తానే నిలబడి, మొత్తంలోంచి తన బరువు తీసెయ్యడం వస్తాదు పద్ధతి. డ్రైవరు సాయం పట్టగా ఆయన బస్తాని కావలించుకుని కాటా ఎక్కాడు.

“ఎంతరా?”

డ్రైవరు వంగి చూశాడు. “నూట నలభై నాలుగు.”

“నా బరువు ఎనభై. ఇరవై ఏళ్ళుగా అదే, చూసుకోనక్కర్లేదు. నూట నలభై నాలుగులో ఎనభై పోతే...” వస్తాదు ముఖం వెలిగిపోయింది. “అరవై నాలుగు! దొరికావమ్మాయ్! కొలత కొలతే అని కోతలు కోసి ఎనిమిది కిలోలు మింగేశావు! పోటీలో ఇలాగే చేసి నా పరువు తీస్తావా?”

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు.

“నేను ఏ పోటీకీ వెళ్ళడం లేదు మామయ్యా,” అంటూ దగ్గరికొచ్చి ఆయన చేతుల్లోంచి బస్తాని తన చేతుల్లోకి తీసుకుంది. “మీరు మాత్రం దిగకండి. ఒక్కసారి కిందికి చూడండి.”

వస్తాదు ఒక్కడే మిగిలిన కాటా మీద ముల్లు వెనక్కి తిరిగి, అటూ ఇటూ ఊగి, సరిగ్గా డెబ్బై రెండు దగ్గర ఆగింది.