మార్గరీత్ గారమ్మాయి

మైకు చేతికిచ్చారు గానీ శారోన్ చూపంతా తను లేచొచ్చిన చాపమీదే ఉంది.

రాజోలులో ఆదివారం ఆరాధన. ఉద్యోగం వచ్చినందుకు సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ముందుకి పిలిచారు. గోదారి ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో ఉద్యోగం. ఫ్రాన్సు నుంచి వచ్చే అతిథులతో వాళ్ల భాషలోనే మాట్లాడి, కావలసినవి చూడాలి. ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లలో ఫ్రెంచి గడగడా మాట్లాడింది శారోన్ ఒక్కతే.

"ఆ భాష దేవుడు నీకెలా ఇచ్చేడో చెప్పమ్మా" అన్నారు పాస్టరుగారు.

"ప్రభువుకి వందనాలు" అని మైకు తిరిగిచ్చేసి, వచ్చి చాపమీద కూలబడింది. దేవుడివ్వలేదు. తను దొంగిలించుకుంది. ఆ మాట మైకులో ఎలా చెప్తుంది?

ఏడాది కిందట అమలాపురంలో, హోటలు ఉద్యోగాలకోసం ఫ్రెంచి, స్పానిష్ నేర్పే కోర్సులో చేరింది. స్పానిష్ పరవాలేదు, రాసినట్టే పలకొచ్చు. ఫ్రెంచి దగ్గరే నాలుక మడతపడేది. రాత పరీక్షలో మంచి మార్కులు. నోరు తెరవమంటే చెమటలు. ఒక్క తప్పు దొర్లినా క్లాసంతా నవ్వుతుందని భయం.

"చదివితే రాదమ్మా, మాట్లాడాలి" అనేవారు కోర్సు నడిపే రామ్మూర్తి మాస్టారు. ఒక్కో విద్యార్థికి ఫ్రాన్సులో ఒక్కో పెద్ద వయసు మనిషిని చూసిపెట్టారు, సాయంత్రాలు ఫోనులో కబుర్లు చెప్పుకోవడానికి. శారోన్‌కి దొరికినావిడ మార్గరీత్ గారు. లియాన్ దగ్గర పల్లెటూరు. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు.

మొదట్లో ఘోరం. "బాగున్నారా?" అని అడిగేసి శారోన్ ఊరుకునేది. ఆవిడేదైనా అడిగితే అవును, కాదు. ఆ తర్వాత ఫోను పట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు వినడమే. ఇక నావల్ల కాదండీ, మానేస్తానని మాస్టారికి చెప్పేసింది కూడా. "రేపొక్కరోజు చెయ్యమ్మా" అన్నారాయన.

ఆ మర్నాడే జరిగింది. ఫోను కలవగానే అటునుంచి, "క్లేర్! నువ్వేనా తల్లీ? ఇన్నాళ్లకి అమ్మ గుర్తొచ్చిందా?"

శారోన్ బిత్తరపోయింది. పాపం, పెద్దావిడకి మతి తప్పుతోంది. కాదండీ, నేను శారోన్‌నండీ అని చెప్పాలి. ఆ మాటలు కూడబలుక్కునే లోపే ఆవిడ, "ఏం తిన్నావే ఇవాళ?" అన్నారు.

"చేపల పులుసు" అనేసింది.

అంతే. ఆ సాయంత్రం అరగంట మాట్లాడింది. తప్పు మాట్లాడితే శారోన్‌కి సిగ్గు గానీ, క్లేర్‌కి సిగ్గేమిటి? ఫ్రెంచిలోనూ మనకిలాగే నువ్వు, మీరు ఉన్నాయి. కన్నతల్లిని మీరు అనకూడదని నువ్వు అంది. కిటికీలోంచి ఏం కనిపిస్తోందని ఆవిడ అడిగితే కొబ్బరిచెట్లు, కాలవలో గేదెలు అంది. ఫ్రాన్సులో కొబ్బరిచెట్లెక్కడివే అని ఆవిడ అడగనే లేదు. ఫ్రెంచిలో వస్తువుల పేర్లలోనూ ఆడ, మగ ఉంటాయి; ఆ తేడా తప్పితే మాత్రం వెంటనే పట్టుకునేవారు. "ఇంత ఎదిగేవు, ఇంకా అదేం మాటే క్లేర్!" పంతులమ్మ అలవాటు మిగిలింది కాబోలు అనుకుంది శారోన్.

రేపు నిజం చెప్పేద్దాం అనుకుంది. రేపు వచ్చింది, పోయింది. నెలలు గడిచాయి. ఫ్రెంచి వచ్చేసింది.

ఒకసారి ఫోను పెట్టేస్తూ, తనకి తెలీకుండానే ఆవిణ్ణి ఆ భాషలో "అమ్మా" అని పిలిచేసింది. అటుపక్క ముక్కు చీదిన చప్పుడు. ఆ పూట శారోన్‌కి అన్నం సయించలేదు.

చర్చి నుంచి ఇంటికొచ్చాక తల్లి విజయకుమారి నిలదీసింది. "అదేమిటే, అందరిముందూ అలా వచ్చేసేవు?"

శారోన్ అంతా చెప్పేసింది. "ఆ క్లేర్ ఎక్కడుందో ఏమో. ఎప్పుడైనా ఫోను చేస్తే, నిన్ననేగా మాట్లాడేవు అంటారు కదమ్మా ఆవిడ. ఆ పిల్లకి తల్లి లేకుండా చేసేసేను."

విజయకుమారి కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "నీ పేరు చెప్పి ఇంకెవత్తో రోజూ నాతో మాట్లాడుతోందంటే..." అని, ఆ మాట పూర్తిచెయ్యలేకపోయింది. "ఇవాళే చెప్పెయ్."

"ఆవిడ తట్టుకుంటారా?"

"ఏమో. చెప్పకపోతే నువ్వు తట్టుకోలేవు."

సాయంత్రం శారోన్ డాబామీదికి వెళ్లి ఫోను చేసింది.

"క్లేర్!" అన్నారావిడ.

"కాదండీ." మీరు అంది ఈసారి. "నేను క్లేర్‌ని కాదు. ఇండియాలో, కోనసీమలో ఉండే శారోన్‌ని. మీరు పొరబడ్డారు, నేను దిద్దలేదు. భాష వస్తుందన్న ఆశతో నోరు మూసుకున్నాను. మీ అమ్మాయికి దక్కాల్సిన ముద్దుమాటలన్నీ నేను తినేశాను. ఆమెకి మీరే ఒకసారి ఫోను చెయ్యండి. నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు."

ఏడుస్తూనే చివరిదాకా చెప్పింది. ఆవిడకేమైనా అయిందేమోనని శారోన్ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"నీ పేరుతో, ఎక్కడా తడబడకుండా మాట్లాడేవు శారోన్" అన్నారు మార్గరీత్ గారు నెమ్మదిగా. "ఇక క్లేర్‌తో మనకి పనిలేదు. నాకసలు పిల్లలే పుట్టలేదు."