చర్మం తాగే నీళ్లు

పొద్దున్నే చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేలోగా నాన్నకి క్యారేజీ కట్టాలి. ఇంట్లో వంట చప్పిడి కాబట్టి ఉప్పు పొట్లం అందులో విడిగా పెట్టాలి. అమ్మ వీపుకి కొబ్బరినూనె రాయాలి. యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలి. వీటన్నిటి మధ్యలో అద్దం ముందు నిలబడి ఆ మాట తప్పు లేకుండా అప్పజెప్పుకోవాలి.

"ఇందులో ఉన్న హయలురోనిక్ యాసిడ్ తన బరువుకి వెయ్యి రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. చర్మం లోపలి దాకా నీళ్లు తాగిస్తుంది."

స్వాతి ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. కెమిస్ట్రీ. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఒక ఫ్యాన్సీ కొట్లో ముఖానికి రాసుకునే సీరం సీసాలు అమ్ముతుంది. రోజంతా ఆ మాటే బెంగాలీలో, హిందీలో చెబుతుంది. తెలుగువాళ్లుండే రైల్వే ట్రాఫిక్ కాలనీ ఆడవాళ్లు వస్తే తెలుగులోనూ చెప్పాలి.

గుమ్మంలో కూర్చున్న తల్లి రత్నం తల తిప్పింది.

"నిజంగానేటే? సర్మంలోంచి నీళ్లు లోపలికెల్తాయా?"

"ఎల్తాయమ్మా" అంది స్వాతి జడ వేసుకుంటూ. అలవాటైన నోరు.

ఆ సాయంత్రమే ఒక సీసా తెచ్చి ఇచ్చింది. రెండు నెలలు రావాల్సిన సీసా వారానికే అడుగంటింది. రత్నం ముఖానికి రాసుకుంది. మెడకి, చేతులకి, అరికాళ్లకి, ఆఖరికి పెదాలకి కూడా రాసుకుంది. రాసుకున్నాక కళ్లు మూసుకుని కదలకుండా కూర్చునేది.

పక్క క్వార్టర్లో కొత్తగా దిగిన నీలవేణి టీ గ్లాసుతో వచ్చి ఇదంతా చూసింది.

"ఓలప్పా! గుంటకి పెళ్లి సేయాల్సిన వయసులో తల్లికేటి ఈ సోకులు? అన్నయ్యగారు మళ్లీ తాళి కడతానన్నారేటి?"

రత్నం నవ్వలేదు. నీలవేణి చేతిలోని గ్లాసు వైపే చూస్తోంది.

"నీకూ పొయ్యమంటావా వొదినా?"

"వద్దు."

"టీ తాగితే నల్లబడిపోతానని బెంగ కాబోలు!"

నీలవేణి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. రత్నం సీసా తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"అయిపోనాది. ఇంకోటి తెస్తావేటి?"

స్వాతికి కోపం రాలేదు. ఈమధ్య కోపం గాని, ఏడుపు గాని ఏదీ రావడం లేదు.

"అది లోపలికెల్లదమ్మా. పైపొరలోనే ఉంటాది. కాసేపు మెత్తగా ఉండి ఆరిపోద్ది. మందుల కొట్లో గ్లిజరిన్ కూడా ఆ పనే సేస్తాది."

"మరి ఎల్తాయన్నావు?"

"అది కొట్లో సెప్పే మాట."

"నాకూ కొట్లో మాటే సెప్పినావా?"

స్వాతి సీసా మీది చీటీని గోరుతో గీకింది.

"సదువుకున్నదానివి కదాని నమ్మినాను" అంది రత్నం. "ఒక్క సుక్కయినా ఎల్లదా?" అని అడిగింది.

"ఎల్లదు."

రత్నం సీసా మూత తిప్పి, గొట్టానికి అంటుకున్న తడిని వేలితో తుడిచి పెదాలకి రాసుకుంది. స్వాతి ఆపలేదు.

మర్నాడు కొట్లో అదే మాట ఒక్క ముక్క పోకుండా చెప్పింది. సీసాలు బాగానే అమ్ముడయ్యాయి.

ఈసారి మీరు ఎండలోంచి వచ్చి చెంబెత్తి గటగటా నీళ్లు తాగేటప్పుడు, రెండు కిడ్నీలూ పోయి, డాక్టరు కొలిచి ఇమ్మన్న అర లీటరుతోనే రోజంతా గొంతు తడుపుకునే రత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి.