శిఖ దేనికి?

వరద వచ్చిన పన్నెండో ఏడు అది.

మ్యూజియంలో ఎముకలు అతికే ముసలాయన్ని అందరూ అతుకుల తాత అంటారు. పెదవి విప్పడు. అక్కడే కాపలా కాసే అతని తమ్ముడు, వరద రోజున, కొత్తగా దిగిన పెట్టెలు పైకి చేర్చాలని నేలమాళిగలోకి వెళ్ళాడు. మళ్ళీ కనబడలేదు.

మరదలు ఇప్పటికీ తలుపు గడియ పెట్టదు. సాయంత్రం తాత అటు వెళితే గుమ్మంలోకి వస్తుంది.

"ఏమైనా తెలిసిందా బావగారూ?"

తాత తల అడ్డంగా ఊపుతాడు. ఇన్నేళ్ళూ అదే ప్రశ్న, అదే ఊపు.

నేలమాళిగ బురద తవ్వేసరికి రెండేళ్ళు పట్టింది. కొట్టుకొచ్చిన గొడ్ల ఎముకలని బుట్టలకొద్దీ పారబోశారు. పెట్టెల్లోది కోట్ల ఏళ్ళనాటి ఎగిరే బల్లి. వరదకి ముందు దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. తాత ఒక్కో ముక్కా ఏరి, కడిగి, కుదిరిన చోట అతికాడు. చివరికి విసనకర్రలాంటి పల్చటి ఎముకొకటి మిగిలింది. పుర్రె వెనక చక్కగా కూర్చుంది. మిగతా ముక్కలకిలాగే దీనికీ పైన సున్నం పూత, లక్క పూత పెట్టాడు.

అదే దాని తలమీది శిఖ అన్నారు పరిశోధకులు. అక్కణ్ణుంచి మొదలైంది గోల. గాలిలో మలుపు తిరిగే చుక్కాని అన్నాడొకాయన. ఒళ్ళు చల్లబరచుకోడానికన్నాడు ఇంకొకాయన. ఆడదాన్ని మురిపించడానికన్నాడు మూడో ఆయన. ఆయనకింకా పెళ్ళి కాలేదు.

ఆ రోజు పరిశోధకురాలు ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని పరుగున వచ్చింది.

"తాతా, తేలిపోయింది! శిఖ కొట్లాటకే!"

"ఎట్లా?"

"ఈ గీత చూడు. చిన్నప్పుడెప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. ఎవడో గట్టిగానే కుమ్మాడు దీన్ని. రేపు మధ్యాహ్నం చిన్న ముక్క కోసి చూస్తాం."

తాత ఫిల్ముని కిటికీ వెలుగుకి పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఆ వంకర గీత వెంట వేలు పోనిచ్చాడు.

"కొయ్యకమ్మా."

"ఏం, దానికి నొప్పెడుతుందా?" నవ్విందామె.

తాత నవ్వలేదు. ఆ సాయంత్రం మరదలి ఇంటివైపు వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే, కోసేవాళ్ళు రాకముందే, శిఖని ఊడదీసి తువ్వాలులో చుట్టుకెళ్ళి మరదలి చేతుల్లో పెట్టి, "వాడికి తొమ్మిదేళ్ళప్పుడు నేను గోడ మీంచి తోస్తే విరిగిన భుజం వెనక పలక ఎముక ఇది... తమ్ముడు దొరికాడమ్మా," అన్నాడు.