చెరి అయిదు

మిరపచేలల్లో నక్సలైట్లు కనిపించారని ఫోనొచ్చింది. ఆయుధాల బీరువా తెరిచి, “ఎన్ని తూటాలు పట్టుకెళ్దాం మాలిక్?” అన్నారు హెడ్ కానిస్టేబుల్ శేషాచలం గారు.

“చెరి అయిదు చాలండి,” అన్నాను.

కాల్చిన ప్రతి తూటా తొడుగూ తెచ్చి అప్పగించాలి. పోయినేడు ఒకటి పత్తిచేలో పోతే నెలంతా మెమోలే. తక్కువైతే వెతుక్కోవడం తేలిక.

“నిజమేలేవయ్యా,” అని ఆయన బీరువా మూసేశారు.

సాయంత్రం స్టేషన్ రైటరు బల్లమీద తొడుగులు పోశాను. వెతకాల్సిన పని పడలేదు. అన్నీ మా మోకాళ్ల దగ్గరే పడి ఉన్నాయి.

రైటరు రెండుసార్లు లెక్కపెట్టాడు.

“పదీ ఉన్నాయి. ఈసారి నీకు మెమో లేదు. శేషాచలం గారిని కూడా వచ్చి సంతకం పెట్టమను.”

“జీపులో ఉన్నారండి,” అన్నాను. “దించడానికి ఇంకో ఇద్దరు కావాలి.”