ఆవగింజంత రాయి

ప్రమోషన్ వచ్చిందని మా ఆయన గుమ్మంలోనే చెప్పేసరికి, నాకంటే ముందు వదిన ఎగిరి గంతేసింది. "ఇంకా మరదలి వేలికి ఆ ఆవగింజంత రాయి ఉంగరమేనా? ప్రమోషన్ రాగానే పెద్దది చేయిస్తానని ఎంగేజ్‌మెంట్‌లో అన్నావుగా తమ్ముడూ, పదండి!"

ఆ సాయంత్రమే ముగ్గురం బయల్దేరాం. మొదటి దుకాణంలో ఉంగరం బిగుతుగా ఉందన్నాను. రెండో దుకాణంలో జుట్టుకు చిక్కుకుంటోందన్నాను.

మూడో దుకాణదారు నా పాత ఉంగరం తీయించి, పెద్ద రాయిని పట్టుకున్న కొక్కేలు ఎత్తుగా లేచిన కొత్తది తొడిగాడు. "మీ రాయిని కూడా ఇందులో పక్కన పొదిగితే ఇంకా నిండుగా ఉంటుందమ్మా."

"ఇప్పుడు కనబడుతోంది వేలు!" అని మురిసిపోయింది వదిన.

మా ఆయన నా చెయ్యి అందుకుని, అలవాటుగా బొటనవేలితో ఉంగరాన్ని తిప్పబోయారు. సినిమాలోనైనా, రోడ్డు దాటేటప్పుడైనా అలా తిప్పుతూనే ఉంటారు. ఈసారి చటుక్కున చెయ్యి లాగేసుకున్నారు. ఆయన వేలిమీద ఎర్రటి చుక్క.

"గుచ్చుకుందా?"

"అబ్బే, చాలా బావుంది," అంటూ చెయ్యి జేబులో దాచేశారు.

"పాతది ఇవ్వండమ్మా, రాయి ఊడదీస్తాను," అన్నాడు దుకాణదారు.

పాత ఉంగరం పట్టుకున్న నా గుప్పిట తెరుచుకోలేదు. ఆయన కూడా నా గుప్పిటకేసే బెంగగా చూస్తున్నారు. ఈ పాతదంటే ప్రాణం నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"అక్కా, ఇది... కాస్త ఎత్తుగా లేదూ?" అన్నారు మెల్లగా.

"అవును వదినా, చాలా ఎత్తు!" అన్నాను, కొత్తది తీసేసి పాతది గబగబా తొడుక్కుంటూ.

వదిన మా ఇద్దర్నీ జాలిగా చూసింది. "మీకు ఎంచుకోవడం రాదర్రా. రేపు పొద్దున్నే నాకు తెలిసినాయన దగ్గరికి తీసుకెళ్తాను. దగ్గరుండి నేనే రాయి ఊడదీయిస్తాను."

ఇద్దరం బుద్ధిగా తలూపాం. ఆయన బొటనవేలు నా ఉంగరాన్ని తిప్పుతూనే ఉంది.